పిల్లల ఐస్ హాకీ: మా క్లబ్ పద్ధతి గురించి తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ వైపు ఉండే తెలుగు కుటుంబాల పిల్లలు ఈమధ్య మా క్లబ్‌లో బాగా చేరుతున్నారు. నేను కోచ్‌ని కాదు. ఇద్దరు పిల్లల్ని ఇక్కడే ఆడించిన తల్లిని, ఐదేళ్లుగా చిన్నపిల్లల టీములకు మేనేజర్‌ని. ప్రతి సెప్టెంబర్‌లో రింక్ (ఐస్ మైదానం) అద్దాల వెనక నిలబడి ఇవే ప్రశ్నలకు జవాబు చెబుతుంటాను. రాసి పెడితే తీరిగ్గా చదువుకుంటారని ఈ ప్రయత్నం.

ఇంత ఎండల ఊళ్లో ఐస్ హాకీ ఏంటండీ?

1993లో మిన్నెసోటా నుంచి ఎన్‌హెచ్‌ఎల్ (పెద్దవాళ్ల ప్రొఫెషనల్ హాకీ లీగ్) టీమ్ ఇక్కడికి తరలివచ్చి డాలస్ స్టార్స్ అయింది. 1999లో ఆ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. ఆ ఊపులో చుట్టుపక్కల ఊళ్లలో రింకులు లేచాయి, పిల్లలు స్కేట్స్ కట్టారు. ప్లేనోలో పుట్టిన బ్లేక్ కోల్మన్ టాంపా బే తరఫున 2020, 2021లో వరసగా రెండు కప్పులు గెలిచాడు. కాబట్టి మన ఊరికి ఈ ఆట కొత్తేమీ కాదు.

ఆగస్టులో వంద ఫారెన్‌హీట్ దాటిన ఎండలో పార్కింగ్ నుంచి బ్యాగులు ఈడ్చుకొచ్చిన పిల్లలు, తలుపు దాటగానే జాకెట్ జిప్పు పైకి లాగుతారు. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని మెట్ల మీద కూర్చునేది. మీ ఇంటికి పెద్దవాళ్లు వచ్చి ఉంటే వాళ్లకి ఒక స్వెట్టర్ కారులోనే ఉంచండి.

ఏ వయసులో చేర్చాలి? మా బాబుకి ఇప్పటికే తొమ్మిదేళ్లు. లేటైపోయిందా?

లేదు. నాలుగైదేళ్లకు మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు, పదకొండేళ్లకు వచ్చినవాళ్లూ ఉన్నారు. తొమ్మిదేళ్ల పిల్లాడికి మాట అర్థం చేసుకునే శక్తి ఎక్కువ, కాళ్లలో బలం ఎక్కువ. మొదటి సీజన్ కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే పక్కవాళ్లు వెనక్కి కూడా స్కేటింగ్ చేస్తుంటారు, మనవాడు పడి లేస్తుంటాడు. ఆ ఒక్క సీజన్ మీరు ఓపిక పడితే చాలు. దేశంలో ఈ ఆటను నడిపే సంస్థ యూఎస్ఏ హాకీ వాళ్ల ‘ట్రై హాకీ ఫర్ ఫ్రీ’ రోజులు వస్తుంటాయి. డబ్బులు కట్టే ముందు అక్కడికి ఒకసారి తీసుకెళ్లండి.

లాంగ్ టర్మ్ డెవలప్‌మెంట్ అంటున్నారు. అసలు అదేంటి?

ఏ వయసులో పిల్లల ఒళ్లు, బుర్ర దేనికి సిద్ధంగా ఉంటాయో ఆ వయసులో అది నేర్పడం. పదేళ్ల పిల్లాడిని పదేళ్ల పిల్లాడిలాగే చూడడం. యూఎస్ఏ హాకీ 2009లో అమెరికన్ డెవలప్‌మెంట్ మోడల్ అనే పద్ధతి తెచ్చింది, అందరూ ఏడీఎం అంటారు. క్రీడా శాస్త్రవేత్త ఇష్ట్వాన్ బాయీ చెప్పిన దశలవారీ శిక్షణ ఆలోచనలే దీనికి పునాది. మా క్లబ్ నడిచేది దీని మీదే.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మీలో చాలామంది నాతో అన్నారు. నిజమే. కానీ మొక్కగా ఉన్నప్పుడు వంచాల్సింది దేన్ని? మా దృష్టిలో బ్యాలెన్స్, చురుకుదనం, స్కేట్ అంచుల మీద ఒరిగి తిరగడం, చేతికీ కంటికీ జోడీ కుదరడం. ఇవి చిన్నప్పుడు ఆటలో ఆటగా వచ్చేస్తాయి, పెద్దయ్యాక నేర్చుకోవాలంటే చెమటలు పడతాయి. ఎవరు ఏ మూలన నిలబడాలి, పక్‌ని (బంతి బదులు వాడే రబ్బరు బిళ్లని) మన సగంలోంచి ఎలా బయటికి తీసుకెళ్లాలి లాంటి వ్యూహాలు పదమూడేళ్లకు చెప్పినా పట్టుకుంటారు. వాటిని ఎనిమిదేళ్లకే రుద్దితే టోర్నమెంట్ గెలుస్తాం. ఆ గెలుపు కోసం స్కేటింగ్ నేర్చుకునే సమయాన్ని తినేస్తాం.

ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో పడి, ఇంటర్‌కి వచ్చేసరికి పుస్తకం చూస్తేనే మొహం తిప్పుకున్న పిల్లలు మనందరి చుట్టాల్లోనూ ఉన్నారు. హాకీలోనూ అదే జరుగుతుంది. అది మన పిల్లలకు జరగకూడదని నా తాపత్రయం.

8యూ పిల్లల్ని సగం రింక్‌లోనే ఎందుకు ఆడిస్తారు? పూర్తి రింక్‌కి కదా డబ్బులు కట్టింది?

అందరికంటే ఎక్కువ కోపంగా అడిగే ప్రశ్న ఇది. 8యూ అంటే ఎనిమిదేళ్లు, ఆలోపు వాళ్లు, 10యూ అంటే పదేళ్లు, ఆలోపు వాళ్లు, అలా పైకి.

ఎన్‌హెచ్‌ఎల్ రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. ఆరడుగుల మనుషుల కోసం కొలిచింది. అందులో ఏడేళ్ల పిల్లల్ని వదిలితే ఏమవుతుందో నా కళ్లతో చూశాను. మా పెద్దవాడు మొదట చేరిన వేరే క్లబ్‌లో పూర్తి రింక్ మీదే ఆడించేవాళ్లు. వేగంగా వెళ్లగలిగే ఒక్క కుర్రాడు పక్ తీసుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లేవాడు, మిగతా పిల్లలందరూ వెనకాల గుంపుగా పరిగెత్తేవాళ్లు. వీళ్లు అక్కడికి చేరేలోపు గోల్ అయిపోయేది. అందరూ మళ్లీ వెనక్కి. ఒక శనివారం మ్యాచ్ అయ్యాక మావాడు హెల్మెట్ తీయకుండానే, “అమ్మా, ఇవాళ నాకు పక్ ఒక్కసారి కూడా తగల్లేదు” అన్నాడు. ఏడవలేదు, అలిగి కూడా చెప్పలేదు, మామూలుగా చెప్పాడు. నాకు ఆ మామూలుతనమే భరించలేనిదిగా అనిపించింది.

రింక్‌ని అడ్డంగా విడగొడితే లెక్క మారిపోతుంది. చోటు తగ్గుతుంది కాబట్టి పక్ ప్రతి పిల్లాడి దగ్గరికీ వస్తుంది. ఎదుటివాడు ఎప్పుడూ రెండడుగుల్లోనే ఉంటాడు, కాబట్టి తల ఎత్తి చూడాలి, చటుక్కున తిరగాలి, పక్కవాడికి పాస్ ఇవ్వాలి. వేగం ఒక్కటే ఉన్న పిల్లాడికి కూడా ఇక్కడే మేలు. అక్కడ ఉత్త వేగంతో నెట్టుకొస్తాడు, ఇక్కడ బుర్ర వాడక తప్పదు. పక్ కూడా చిన్నవాళ్లకు తేలికది ఇస్తాం. పెద్దవాళ్ల నల్ల పక్ ఆరు ఔన్సులు, పిల్లల నీలం పక్ నాలుగు ఔన్సులు.

నమ్మకం కుదరకపోతే ఆస్టన్ మాథ్యూస్ సంగతి చూడండి. ఎడారి రాష్ట్రం అరిజోనాలో, స్కాట్స్‌డేల్‌లో పెరిగాడు. మామూలు కొలతల కంటే చిన్నదైన రింక్‌లో, ఇరుకు చోట్లో ఎడాపెడా ఆడుతూ ఆట నేర్చుకున్నాడు. 2016లో, ఎన్‌హెచ్‌ఎల్ టీములు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, టొరంటో అతన్ని మొట్టమొదటి ఆటగాడిగా తీసుకుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన మొదటి మ్యాచ్‌లోనే నాలుగు గోల్స్ కొట్టాడు.

స్కోరు బోర్డు ఎందుకు ఆపేస్తారు?

8యూలో మాత్రమే ఆపేస్తాం. పిల్లలు మనసులో లెక్కపెట్టుకుంటూనే ఉంటారు, అందులో తప్పు లేదు. బోర్డు వెలిగితే మారేది పెద్దవాళ్లు: కోచ్ బాగా ఆడే నలుగురినే మళ్లీ మళ్లీ దింపుతాడు, తల్లిదండ్రులు అద్దాలు బాదుతారు. యూఎస్ఏ హాకీ 12యూకి జాతీయ ఛాంపియన్‌షిప్‌నే ఎత్తేసింది. అలాంటప్పుడు ఏడేళ్లవాళ్ల కప్పు కోసం మనం కొట్టుకోవడం ఎందుకు?

వారానికి ప్రాక్టీసులే ఎక్కువ, మ్యాచ్‌లు తక్కువ. పిల్లలకు బోర్ కొట్టదా?

మూడు ప్రాక్టీసులకు ఒక మ్యాచ్ అన్నది మేం పాటించే లెక్క. మ్యాచ్‌లో ఒక్కో విడత మంచు మీద ఉండేది నలభై ఐదు సెకన్లు, నిమిషం. తర్వాత బెంచ్ మీద కూర్చోవాలి. గంట మ్యాచ్‌లో ఒక పిల్లాడు ఆడేది ఇరవై నిమిషాలైతే గొప్ప, అందులో పక్ కర్రకి అంటుకుని ఉండేది లెక్కపెట్టగలిగినన్ని సెకన్లు.

ప్రాక్టీసు వేరు. రింక్‌ని ఐదారు ముక్కలు చేసి ఒక్కో ముక్కలో ఒక్కో పని పెడతాం. ఒకచోట టైర్ల చుట్టూ తిరుగుతూ పక్ నడపడం, ఇంకోచోట ఇద్దరిద్దరు పోటీపడి పక్ లాక్కోవడం, మరోచోట ఒంటికాలి మీద జారడం, చివరి ముక్కలో ముగ్గురు ముగ్గురుగా చిన్న మ్యాచ్. ఏడు నిమిషాలకు ఒకసారి ఈల, అందరూ పక్క ముక్కలోకి. ఎవరూ లైన్‌లో నిలబడి వంతు కోసం ఎదురుచూడరు. గంట అయ్యేసరికి హెల్మెట్లోంచి ఆవిర్లు వస్తుంటాయి. బోర్ అనే మాట నేను పిల్లల నోట పెద్దగా వినలేదు, అద్దాల ఇవతల నుంచే విన్నాను.

మావాడు డిసెంబర్‌లో పుట్టాడు. టీములో అందరికంటే చిన్నగా ఉంటాడు. ఏం చేయమంటారు?

ముందు, ఇది మీ బాబు లోపం కాదని గట్టిగా నమ్మండి. ఇక్కడ హాకీలో వయసు గ్రూపులు పుట్టిన సంవత్సరాన్ని బట్టి. జనవరి 2న పుట్టినవాడూ డిసెంబర్ 29న పుట్టినవాడూ ఒకే గ్రూపు. ఎనిమిదేళ్లప్పుడు ఆ తేడా వాళ్ల జీవితంలో ఎనిమిదో వంతు! ముందు పుట్టినవాడు పొడుగ్గా, బలంగా కనిపిస్తాడు. కోచ్ వాడిని మంచి టీములోకి తీసుకుంటాడు. మంచి టీములో మంచి కోచింగ్, ఎక్కువ ఐస్ టైమ్. రెండేళ్లకు వాడు నిజంగానే మెరుగైనవాడు అవుతాడు. కెనడాలో రోజర్ బార్న్స్‌లీ, ఆయన తోటివాళ్లు 1985లోనే ఈ సంగతి బయటపెట్టారు: పై స్థాయి హాకీ ఆటగాళ్లలో ఏడాది మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా కనిపించారు. ప్రతిభ జనవరిలోనే పుట్టదు కదా. మనం ఏరుకునే పద్ధతిలోనే తేడా ఉంది.

అందుకే ట్రైఔట్ (టీము ఎంపిక) కాగితాల మీద కోచ్‌లకు పిల్లల పుట్టిన నెల కూడా కనిపించేలా పెడతాం. ‘ఈ పిల్లాడు మెరుగైనవాడా, పెద్దవాడా?’ అని వాళ్లు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఇది పూర్తి పరిష్కారం కాదు. మేమూ పొరపాట్లు చేస్తాం. కానీ 12యూ దాకా గ్రూపుల్ని సీజన్ మధ్యలో కూడా మారుస్తాం కాబట్టి ఒక్క సెప్టెంబర్ ఆదివారం ట్రైఔట్ మీ బాబు రాత రాయదు.

పై టీములో పేరు రాలేదు. ఇంట్లో ఏడుస్తున్నాడు.

మా పెద్దవాడి పేరు తొమ్మిదేళ్లప్పుడు రాలేదు. నేను కారులో కూర్చుని ఫోన్‌లో ఆ లిస్టు మూడుసార్లు చదివాను, పేరు ఎక్కడైనా కిందకి జారిందేమోనని. వాడికి చెప్పడానికి నాకు నోరు రాలేదు, వాళ్ల నాన్న చెప్పాడు. వాడు రెండు రోజులు ఏడ్చాడు. మూడో రోజు స్టిక్ తీసుకుని గరాజ్‌లోకి వెళ్లాడు. నాకు మాత్రం రెండు నెలలు పట్టింది.

ఏడవనివ్వండి. “ఆ కోచ్‌కి ఏం తెలుసు” అని మాత్రం వాడి ముందు అనకండి. రేపు వాడు నేర్చుకోవాల్సింది ఆ కోచ్ దగ్గరే. ఒక వారం ఆగి మాకు మెయిల్ పెట్టండి. వాడు దేనిమీద పనిచేయాలో రెండు మూడు విషయాలు కోచ్ మీకు రాసి ఇస్తారు. ప్లేనో కుర్రాడు కోల్మన్‌నే చూడండి: 2011 డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్‌లో ఎంపికయ్యాడు, నాలుగేళ్లు కాలేజీలో ఆడాడు, ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టేసరికి 2017, వయసు 25. కెనడాలోని సర్రేలో పెరిగిన పంజాబీ కుర్రాడు అర్ష్‌దీప్ బెయిన్స్‌ని డ్రాఫ్ట్‌లో ఏ టీమూ తీసుకోలేదు. 2021–22లో వెస్టర్న్ హాకీ లీగ్ అనే జూనియర్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు సాధించాడు, 2024 ఫిబ్రవరిలో వాంకూవర్ తరఫున ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడాడు.

ఏడేళ్ల మా పాప గోలీగా (గోల్ కీపర్‌గా) ఉంటానంటోంది. ఉండనివ్వమంటారా?

తప్పకుండా, కానీ వంతులవారీగా. 8యూలో అందరూ గోలీగా ఉండి చూస్తారు. ప్యాడ్లు క్లబ్‌వే, కొనకండి. గోలీకి స్కేటింగ్ అందరికంటే బాగా రావాలి, అందుకే ఏడేళ్లకే ఎవర్నీ గోల్ ముందు కట్టేయం.

హాకీ మీదే పూర్తిగా దృష్టి పెడితే త్వరగా పైకొస్తాడు కదా? క్రికెట్, డ్యాన్స్ మాన్పించమంటారా?

వద్దు. దయచేసి మాన్పించకండి. అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం 2016లో స్పష్టంగా చెప్పింది: పదిహేను, పదహారేళ్లు వచ్చేదాకా ఒకే ఆటకు కట్టుబడకపోవడం మంచిది, వారానికి కనీసం ఒక రోజు విశ్రాంతి, ఏడాదిలో మొత్తం మూడు నెలలు ఆ ఆటకు దూరం. ఎప్పుడూ ఒకే రకంగా కదిలితే తుంటి, మోకాళ్లు అరిగి దెబ్బతింటాయి, మనసూ విసిగిపోతుంది. మాథ్యూస్ చిన్నప్పుడు బేస్‌బాల్ కూడా ఆడేవాడు. మా క్లబ్ ఏప్రిల్ నుంచి జూలై దాకా చిన్నపిల్లలకు టీమ్ ప్రాక్టీసులు పెట్టదు. ఆ నెలల్లో క్రికెట్ ఆడనివ్వండి, ఈత కొట్టనివ్వండి, ఇండియా వెళ్లి తాతయ్య ఇంట్లో మామిడిపళ్లు తిననివ్వండి.

ఒక చిన్న సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందట కూచిపూడి నేర్చుకునే ఒక అమ్మాయి 10యూలో చేరింది. స్కేట్స్ మీద నిలబడడం కూడా రాదు. మొదటి వారం కోచ్ అందరికీ “మోకాళ్లు వంచండి, ఇంకా వంచండి” అని అరుస్తుంటే పిల్లలు నడుం వంచేస్తున్నారు. ఈ అమ్మాయి ఒక్కతే వీపు నిటారుగా ఉంచి కిందకి కూర్చుంది. అరమండి! హాకీకి కావాల్సింది కూడా దాదాపు అదే కూర్చునే తీరు. డిసెంబర్‌కల్లా ఆ అమ్మాయి మలుపుల్లో మగపిల్లల్ని దాటిపోయింది. ఆమె ఇప్పటికీ రెండూ చేస్తోంది.

దెబ్బలు తగలవా? టీవీలో చూస్తే భయమేస్తుంది.

టీవీలో గుద్దుకోవడాన్ని బాడీ చెకింగ్ అంటారు. 12యూ దాకా అది నిషిద్ధం. ఒకప్పుడు 12యూలో ఉండేది, 2011లో యూఎస్ఏ హాకీ దాన్ని 14యూకి జరిపింది. కెనడాలో చెకింగ్ ఉన్న ఆల్బర్టా రాష్ట్రాన్నీ, లేని క్యూబెక్‌నీ పోల్చి 2010లో వచ్చిన అధ్యయనంలో పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకు మ్యాచ్‌లలో గాయాల ముప్పు ఆల్బర్టాలో మూడు రెట్లకు పైగా ఉందని తేలింది. అమ్మాయిల విభాగాల్లో ఏ వయసులోనూ చెకింగ్ లేదు.

అయినా పడతారు, తగులుతుంది. మా నియమాల్లో రెండింటికి సడలింపు లేదు. మెడకు రక్షణ పట్టీ లేకుండా ఎవరూ ఐస్ ఎక్కరు. 2024 ఆగస్టు 1 నుంచి యూఎస్ఏ హాకీ పిల్లలందరికీ దాన్ని తప్పనిసరి చేసింది. తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్నా ఆ రోజుకి ఆట అయిపోయినట్టే, డాక్టర్ కాగితం తెచ్చేదాకా తిరిగి దింపం. ఫైనల్ మ్యాచ్ అయినా అంతే. ఈ విషయంలో మాతో వాదించకండి.

పదమూడేళ్ల మావాడు ఉన్నట్టుండి ఆట మర్చిపోయినట్టు ఆడుతున్నాడు.

ఈ ఏడాది ఎన్ని అంగుళాలు పెరిగాడో కొలవండి. మగపిల్లలు సుమారు పద్నాలుగేళ్లప్పుడు, అమ్మాయిలు సుమారు పన్నెండేళ్లప్పుడు అందరికంటే వేగంగా పెరుగుతారు. కాళ్లు పొడుగవుతాయి, బుర్రకి ఆ కొత్త కాళ్ల లెక్క ఇంకా అందదు. కొన్ని నెలలు తడబడతారు. బద్ధకం అనుకుని తిట్టకండి. మడమ, మోకాలి చిప్ప కింద నొప్పి అంటే మాత్రం వెంటనే చెప్పండి, ప్రాక్టీసు తగ్గిస్తాం.

ఖర్చు ఎక్కువ కదా?

ఎక్కువే, దాచను. సామాను మాత్రం సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవచ్చు, హెల్మెట్ తప్ప. హెల్మెట్ మీద స్టిక్కర్‌లో గడువు తేదీ ఉంటుంది, తయారైనప్పటి నుంచి ఆరున్నరేళ్లు.

స్కేట్స్ దగ్గర మనవాళ్లందరం ఒకే తప్పు చేస్తాం. “వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయి” అని ఒక సైజు పెద్దవి కొంటాం. నేనూ కొన్నాను. హాకీ స్కేట్స్ బూట్ల సైజు కంటే ఒకటి, ఒకటిన్నర చిన్నవే రావాలి. లోపల పాదం కదిలితే చీలమండ లోపలికి వాలిపోతుంది, ఎంత కోచింగ్ ఇచ్చినా ఎడ్జ్ మీద నిలబడలేరు. ఇంకెక్కడైనా పొదుపు చేయండి.

కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుందా?

దాని కోసమైతే చేర్చకండి. మగపిల్లల డివిజన్ వన్ (పై స్థాయి) కాలేజీ టీములు దేశం మొత్తం మీద అరవై చిల్లర. అందులో చేరేవాళ్లు చాలామంది హైస్కూల్ అయ్యాక ఒకటి రెండేళ్లు జూనియర్ హాకీ ఆడి, పంతొమ్మిది, ఇరవై ఏళ్లకు వస్తారు. 2025 ఆగస్టు నుంచి కెనడా మేజర్ జూనియర్ (అక్కడి పై స్థాయి కుర్రాళ్ల లీగ్‌ల) ఆటగాళ్లకు కూడా తలుపులు తెరిచారు, పోటీ ఇంకా పెరిగింది. ఐవీ లీగ్ కాలేజీలు ఆటల స్కాలర్‌షిప్‌లే ఇవ్వవు. హాకీకి పెట్టే డబ్బుని కాలేజీ ఖాతాలో వేసుకుంటే లెక్క సులువు. పద్దెనిమిదేళ్లు దాటాక కూడా ఆదివారం రాత్రి స్నేహితులతో ఆడుకునే ఆట ఒకటి చేతిలో ఉండాలనుకుంటే రండి.

ఇంటికొచ్చే దారిలో ఏం మాట్లాడాలి?

“ఆకలేస్తోందా?” అని అడగండి. అంతే. ఆ పాస్ ఎందుకివ్వలేదు, ఆ గోల్ ఎలా వదిలేశావు, ఇవి కోచ్ పని. మావాడు పదకొండేళ్లప్పుడు ఒకరోజు వెనక సీట్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాడు. పాట ఏదీ లేదు, నా ప్రశ్నలు వినిపించకూడదని పెట్టుకున్నాడు. ఆ తర్వాత నుంచి డబ్బాలో పెరుగన్నం, దానిమ్మ గింజలు తీసుకెళ్లి ఇస్తున్నాను. మాట్లాడాలనిపిస్తే వాడే మొదలుపెడతాడు.

మొదటి రోజు ఏం చేయాలి?

ప్రాక్టీసుకి నలభై నిమిషాల ముందు రండి. సామాను వేసుకునే వరస చెబుతాను: ముందు షిన్ ప్యాడ్స్, తర్వాత స్కేట్స్, హెల్మెట్ చిట్టచివర. స్టిక్ స్కేట్స్ లేకుండా నిలబడితే ముక్కు దాకా, స్కేట్స్ మీద నిలబడితే గడ్డం దాకా ఉండాలి. నీళ్ల బాటిల్ మీద పేరు రాయండి. లాకర్ రూమ్‌లో ఫోన్ తీయకండి, అక్కడ ట్రైనింగ్ తీసుకున్న పెద్దవాళ్లు ఒకరు ఎప్పుడూ ఉంటారు. లేసులు పాదం పైభాగంలో, చీలమండ దగ్గర బాగా బిగించాలి, వేళ్ల దగ్గర కాస్త వదులు ఉంచాలి. చేతకాకపోతే కంగారు పడకండి. గేటు పక్కన బల్ల మీద నేను ఉంటాను, పిల్లాడిని నా దగ్గరికి పంపండి.